ఆ పనికి యాడ చదవాల?

ముందే ఒక మాట చెప్పేస్తాను. నర్సరీ నుంచి ఇంటర్ దాకా నాది ఇంగ్లీష్ మీడియమే. ఇందులో ఒత్తులు, దీర్ఘాలు సరిచేసింది మన క్లబ్ ఎడిటర్. అభిప్రాయాలు మాత్రం నావే. వాటిని కూడా సరిచేయాలని చూసింది కానీ నేను ఒప్పుకోలేదు.

పోయిన నవంబర్‌లో ఎన్ఎస్ఎస్ తరఫున ఎనిమిది మందిమి ధర్మవరం వైపు ఒక ప్రభుత్వ హైస్కూలుకి వెళ్ళాం. ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలకి 'కెరీర్ అవేర్‌నెస్' ప్రోగ్రాం. ఫ్లెక్సీ కూడా వేయించారు. పిల్లల్ని వరండాలో వరసగా కూర్చోబెట్టారు. నాకు ఇచ్చింది పది నిమిషాలు. ఫోన్లో పాయింట్లు రాసుకుని వెళ్ళాను: టెన్త్ బాగా చదవండి, ట్రిపుల్ ఐటీలో సీటు కొట్టండి, రాకపోతే ఎంపీసీ తీసుకుని ఎంసెట్ రాయండి, సీఎస్ఈ తీసుకోండి, బెంగళూరులో జాబ్. ఆరు నిమిషాల్లో అయిపోయింది. చప్పట్లు కొట్టారు, ఎందుకంటే వాళ్ళ పీఈటీ సార్ కొట్టమన్నారు.

తర్వాత ప్రశ్నలు. "అన్నా, మీ కాలేజీలో ఫోన్ తెచ్చుకోవచ్చా?" "అన్నా, యూనిఫాం ఉంటాదా?" "అన్నా, మీకు జాబ్ వచ్చిందా?" చివరిదానికి మావాళ్ళందరూ నవ్వారు, నేను తప్ప. ఆ తర్వాత వెనక వరసలోంచి ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతి లేచింది.

"అన్నా, మా మామ చీరలకి డిజైన్లు గీస్తాడు. గళ్ళ కాగితం మీద. నేను గూడా గీస్తా. ఆ పనికి యాడ చదవాల?"

నేను చెప్పిన జవాబు ఇది: "ముందు ఇంజనీరింగ్ చెయ్యమ్మా. తర్వాత ఏదైనా చేసుకోవచ్చు."

"సరేన్నా" అని కూర్చుంది. అంతే. గొడవ లేదు, కన్నీళ్ళు లేవు. బస్సు ఎక్కాక మావాళ్ళంతా అంత్యాక్షరి మొదలుపెట్టారు. నాకు మాత్రం ఆ 'సరేన్నా' వదల్లేదు. ఆ పనికి ఎక్కడ చదవాలో నాకు తెలియదు. తెలియదు అని చెప్పడానికి సిగ్గేసి, నాకు తెలిసిన ఒకే ఒక్క దారి చెప్పేశాను. మా ఇంట్లో నాకు చెప్పిన మాట కూడా అదే, అక్షరం మార్చలేదు.

ఆ రాత్రి హాస్టల్లో వెతికాను. గంట కూడా పట్టలేదు, అదే ఎక్కువ బాధ. నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ అనేది ఒకటుంది. మొదటిది 1961లో అహ్మదాబాద్‌లో పెట్టారు. ఆంధ్రప్రదేశ్‌కి కూడా ఒకటి వచ్చింది, 2015లో గుంటూరు దగ్గర మొదలైంది. అందులో టెక్స్‌టైల్ అండ్ అపారెల్ డిజైన్ అని ఏకంగా ఒక బ్రాంచే ఉంది, అంటే ఆ అమ్మాయి వాళ్ళ మామ చేసే పనే. హైదరాబాద్ మాదాపూర్‌లో నిఫ్ట్ ఉంది. అక్కడ చేతివృత్తులవాళ్ళకీ వాళ్ళ పిల్లలకీ విడిగా అప్లై చేసుకునే దారి ఉంది, దానికి గుర్తింపు కార్డు ఉండాలి. హైదరాబాద్ మాసాబ్ ట్యాంక్‌లో ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ కోసం ఒక యూనివర్సిటీయే ఉంది. ఐఐటీ హైదరాబాద్‌లో బీటెక్ లాగే బీడిజైన్ ఉంది. దానికి యూసీడ్ అనే పరీక్ష రాయాలి, ఇంటర్‌లో ఏ గ్రూప్ అయినా పరవాలేదు. వెంకటగిరిలో చేనేత టెక్నాలజీ డిప్లొమా ఉంది, టెన్త్ అవ్వగానే చేరొచ్చు, మూడేళ్ళు. ఐఐటీ అనే మాట ఆరో తరగతి నుంచి రోజుకి పదిసార్లు విన్నవాణ్ణి నేను. అక్కడ బొమ్మలు గీయడానికి కూడా సీటు ఇస్తారని పంతొమ్మిదేళ్ళు వచ్చాక తెలిసింది.

ఇక్కడ మన సీఎస్ఈ వాళ్ళకి ఒక విషయం చెప్పాలి. ఫస్టియర్‌లో కంప్యూటర్ చరిత్ర అని రెండు మార్కుల ప్రశ్న చదివాం, గుర్తుందా? ఫ్రాన్స్‌లో జకార్డ్ అనే ఆయన 1804లో చిల్లులు కొట్టిన అట్టలతో నడిచే మగ్గం చేశాడు. ఆ అట్టల ఆలోచననే బాబేజ్ తన అనలిటికల్ ఇంజన్‌కి తీసుకున్నాడు. అమెరికాలో 1890 జనాభా లెక్కల్ని హోలరిత్ చిల్లుల కార్డులతోనే లెక్కపెట్టాడు. నేను ఇది బట్టీ కొట్టి రెండుకి రెండు తెచ్చుకున్నాను. ఆ మగ్గం మన కాలేజీకి గంట ప్రయాణం దూరంలో ఇప్పటికీ టకటకా కొట్టుకుంటోందని నాకు తట్టలేదు.

జనవరిలో ఆ అమ్మాయి వాళ్ళ మామను కలవడానికి వెళ్ళాను. ఒక్కణ్ణే వెళ్ళడం భయమై మా రూమ్మేట్‌ని కూడా లాక్కెళ్ళాను. మామది ఎనిమిదో తరగతి చదువు. ఒక చిన్న గది, గోడకి కట్టలు కట్టి వేలాడదీసిన అట్టలు. ఆయన చెప్పింది నాకు అర్థమైనంతలో రాస్తాను. ముందు గ్రాఫ్ పేపర్ మీద గళ్ళు నింపుతారు. ఒక్కో అడ్డవరస ఒక్కో అట్ట అవుతుంది. రంగు వేసిన గడి దగ్గర అట్టకి చిల్లు కొడతారు. మగ్గం మీద ఆ చిల్లు వచ్చినప్పుడు కొక్కెం లేస్తుంది, దానితోపాటు పడుగు పోగు లేస్తుంది, కింద నుంచి పేక దూరిపోతుంది. చిల్లు లేకపోతే పోగు లేవదు. అట్టలన్నీ దారంతో ఒకదానికొకటి కుట్టేసి గొలుసులాగా తిప్పుతారు కాబట్టి డిజైన్ మళ్ళీ మళ్ళీ వస్తుంది. ఒకటి, సున్నా, ఫర్ లూప్. నేను నోరెళ్ళబెట్టి చూస్తుంటే ఆయన నన్ను కొంచెం జాలిగా చూశాడు.

ఇప్పుడు చాలామంది గళ్ళు కంప్యూటర్లోనే నింపుతున్నారట. ఈయనకి ఆ సాఫ్ట్‌వేర్ రాదు. ఇంకొకాయనకి డబ్బులిచ్చి చేయించుకుంటాడు. లేపాక్షి గుడి పైకప్పు బొమ్మల్లోంచి తీసుకున్న అంచు ఒకటి చూపించాడు. అది ఎన్ని చీరల మీదికి వెళ్ళిందో తనకే లెక్క తెలియదన్నాడు. ధర్మవరం పట్టుచీరకి జీఐ గుర్తింపు ఉంది, అంటే ఊరి పేరుకి చట్టం కాపలా ఉంది. గీసినవాడి పేరు మాత్రం చీర మీదా ఉండదు, బిల్లు మీదా ఉండదు.

నేను గొప్పగా గుంటూరు కాలేజీ సంగతి చెప్పాను. ఆయన చేతిలో పెన్సిల్ ఆపి అడిగాడు: "ఈ పనికి సదువుందా సామీ?"

ఆ మాట విన్నాక నాకు ఒక విషయం స్పష్టమైంది. ఈ వ్యాసం రాస్తున్నదే దానికోసం. పిల్లలకి కెరీర్ గురించి చెప్పడానికి వెళ్ళే మనం, వాళ్ళకి లేనిదేదో తీసుకెళ్ళి ఇస్తున్నాం అనుకుంటాం. ఆ వరండాలో కూర్చున్న పిల్లల ఇళ్ళల్లో డిజైనర్లు ఉన్నారు. ధర్మవరం పక్కనే నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసేవాళ్ళున్నారు. వాళ్ళల్లో దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. పనులు అక్కడే ఉన్నాయి. ఆ పనికీ కాలేజీ అనే మాటకీ మధ్య తాడు ఒక్కటే లేదు. మనం వెళ్ళి కట్టాల్సింది ఆ తాడు. దాని బదులు మన ర్యాంకు కథలు చెప్పి వస్తున్నాం.

ఏడు, ఎనిమిది తరగతుల్లోనే ఎందుకు, అంత చిన్నపిల్లలకి ఇప్పుడే కెరీర్ గోల ఏంటి అని మీరు అడగొచ్చు. గోల ఎలాగూ ఉంది. మా స్కూల్లో ఆరో తరగతికే ఐఐటీ ఫౌండేషన్ సెక్షన్ పెట్టి విడదీశారు. టెన్త్ అయ్యాక ట్రిపుల్ ఐటీనా, పాలిటెక్నిక్‌నా, ఇంటర్‌నా, ఇంటర్ అయితే ఏ గ్రూపా అని నెల రోజుల్లో తేల్చేస్తారు. తొమ్మిది, పది పబ్లిక్ పరీక్షల కిందే పోతాయి. పిల్లకి ఏదైనా చూసి, ముట్టుకుని, నచ్చక వదిలేయడానికి మిగిలే టైం ఆ రెండు మూడేళ్ళే. వదిలేయడం కూడా ముఖ్యమే. పన్నెండేళ్ళప్పుడు ఒకటి వదిలేస్తే ఖర్చు ఒక డ్రాయింగ్ పుస్తకం. థర్డ్ ఇయర్‌లో వదిలేస్తే ఖర్చెంతో మన హాస్టల్లో కొందరికి తెలుసు.

నా సంగతి చెప్తాను, చిన్నదే. ఏడో తరగతి వరకు నేను కామిక్స్ గీసేవాణ్ణి. లాంగ్ నోట్‌బుక్ వెనక నుంచి మొదలుపెట్టి ముందుకి వచ్చేవాణ్ణి. ఎవరూ చింపలేదు, ఎవరూ తిట్టలేదు. సినిమాల్లో అయితే ఒక విలన్ సార్ ఉంటాడు. నా కథలో ఆ దసరా సెలవుల తర్వాత డ్రాయింగ్ పీరియడ్‌ని మ్యాథ్స్ సార్ తీసుకున్నారు, అంతే. సిలబస్ వెనకబడిందన్నారు. నేనూ ఏమీ అనుకోలేదు. ఎప్పుడు ఆపేశానో కూడా గుర్తులేదు. గొప్ప ఆర్టిస్ట్ అయ్యేవాణ్ణని చెప్పడం లేదు, బహుశా అయ్యేవాణ్ణి కాదు. నాకు అది తేలనే లేదు, అదీ నా బాధ. సీఎస్ఈ నాకు ఇష్టమే. కానీ దాన్ని నేను ఎంచుకున్నానని ఎవరైనా అంటే మాత్రం నవ్వొస్తుంది.

ఇప్పుడు మా రూమ్మేట్ మాట. వాడిది నేతపనివాళ్ళ కుటుంబం. మామ దగ్గర నుంచి తిరిగొస్తుంటే బస్టాండ్‌లో నా మీద లేచాడు.

"నీకు గుంత మగ్గం అంటే తెలుసారా? పొద్దున కూర్చుంటే రాత్రికి లేస్తారు. మా నాయనకి నలభై ఐదేళ్ళకే మోకాళ్ళు పోయినాయి. నన్ను మగ్గం దగ్గరికి రానీకుండా, అప్పు చేసి మరీ చదివించినాడు. నువ్వు పోయి ఆ పిల్లకి అదే మగ్గం చూపిస్తావా? మీ టౌన్ వాళ్ళకి అన్నీ ముద్దుగా కనపడతాయి."

దీనికి నా దగ్గర వెంటనే జవాబు లేదు. ధర్మవరంలో నేతన్నల ఆత్మహత్యల వార్తలు మనమందరం పేపర్లో చదివినవే. ఇంజనీరింగ్ అనేది మన ఊళ్ళల్లో ఫ్యాషన్ కాదు. ఫీజు రీయింబర్స్‌మెంట్‌తో గుంతలోంచి బయటికి వచ్చే నిచ్చెన అది. దాని మీద నిలబడి దాన్నే వెక్కిరించడం నాకూ ఇష్టం లేదు. డిజైన్ కాలేజీల ఫీజులు లక్షల్లో ఉంటాయి. యూసీడ్ పేపర్ ఇంగ్లీషులో ఉంటుంది. తెలుగు మీడియం పిల్లకి బొమ్మ గీయడం వచ్చినా ప్రశ్న అర్థం కావాలి కదా. ఇవి దాచిపెట్టి కలలు అమ్మితే, కోచింగ్ సెంటర్ ఫ్లెక్సీకీ మన ఫ్లెక్సీకీ తేడా లేదు.

ఐనా వాడితో నేను పూర్తిగా ఒప్పుకోలేదు, ఇప్పటికీ వారానికోసారి వాదించుకుంటాం. నా వాదన ఇది. మగ్గం నేయడం వేరు, డిజైన్ గీయడం వేరు, ఆ డిజైన్‌ని ఎవరు ఎంతకి అమ్ముకుంటున్నారనేది ఇంకా వేరు. మామ ఇరవై ఏళ్ళు గీసినా రేటు మాట్లాడే స్థితిలో లేడు. అదే పని చదువుకుని వచ్చినవాళ్ళు బెంగళూరులో కూర్చుని జీతానికి చేస్తున్నారు. ఆ అమ్మాయి మగ్గం దగ్గరే ఉండాలని నేను అనడం లేదు. దాన్ని వదిలి వెళ్ళినా తెలిసి వెళ్ళాలి. ఇంజనీరింగే తీసుకున్నా, మా ఇంట్లో ఉన్నది కూడా ఒక విద్యే అని తెలిసి తీసుకోవాలి.

"చోటా భీమ్ తీసినాయన కూడా ముందు ఇంజనీరింగే చదివినాడు కదా, మరి?" అని ఇంకో ఫ్రెండ్ పాయింట్ తీశాడు. నిజమే, రాజీవ్ చిలక గారు ఇంజనీరింగ్ చదివి, తర్వాత అమెరికాలో యానిమేషన్ నేర్చుకుని, హైదరాబాద్‌లో స్టూడియో పెట్టారు. బాపు గారు లా చదివారు. ఈ ఉదాహరణలు మనకి భలే నచ్చుతాయి, ఎందుకంటే 'ముందు ఇది చెయ్, తర్వాత అది' అనడానికి పనికొస్తాయి. తర్వాత అది చేయలేకపోయిన వాళ్ళ పేర్లు ఎవరికీ తెలియవు కాబట్టి ఉదాహరణగా రావు.

సరే, ఫిబ్రవరిలో ఏం చేశామో చెప్తాను. జాతీయ విద్యా విధానం 2020లో ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలకి పది రోజులు బ్యాగు లేకుండా, స్థానికంగా వడ్రంగులు, కుమ్మర్లు, కళాకారులు ఇలాంటివాళ్ళ దగ్గర పని చూసి నేర్చుకునే రోజులుండాలని రాశారు. కాగితం మీద ఎంత బాగుందో. ఆ ముక్క ప్రింటు తీసుకుని హెచ్చెమ్ సార్ దగ్గరికి వెళ్ళాం. ఆయన పాపం చాలా మంచివారు. "బస్సు మీరు చూసుకుంటే ఒక శనివారం ఇస్తా" అన్నారు. పన్నెండు మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు. పొద్దున మామ గది, మధ్యాహ్నం మన సెకండ్ ఫ్లోర్ ల్యాబ్.

మామ దగ్గర ఒక్కొక్కరు ఒక్కో చిల్లు కొట్టారు. తర్వాత ల్యాబ్‌లో పదహారు గళ్ళు పొడవు, పదహారు వెడల్పు కాగితాలిచ్చాం, ఏదైనా గీయమన్నాం. ఒకడు చోటా భీమ్ లడ్డూ గీశాడు. (అది హైదరాబాద్‌లో తయారవుతుందని చెప్తే ఒక్కడూ నమ్మలేదు.) ఒకమ్మాయి వాళ్ళ మేకని గీసింది, మేక అని చెప్పాకే తెలిసింది. గళ్ళని ఒకట్లు సున్నాలుగా టైప్ చేయించాం. మావాళ్ళు రాసిన చిన్న పైథాన్ ప్రోగ్రాం దాన్ని పక్కపక్కనే పేర్చి స్క్రీన్ మీద చీర అంచులాగా చూపిస్తుంది. లడ్డూల అంచు వచ్చింది. అరుపులు.

మన అమ్మాయిది మామిడి పిందె. స్క్రీన్ మీద వరసగా వచ్చాక ఆమె మొహం చిట్లించింది. "అతుకు కనపడతాందన్నా" అంది. మాకు ముగ్గురికీ ఏమీ కనపడలేదు. దగ్గరికి వచ్చి వేలు పెట్టి చూపించింది. ఒక పిందె అయిపోయి ఇంకోటి మొదలయ్యే చోట సన్నటి ఖాళీ గీత నిలువుగా పోతోంది. తర్వాత కాగితం తీసుకుని, కుడి అంచులో తెగిన తీగని ఎడమ అంచులో అందుకునేలా మళ్ళీ గళ్ళు నింపింది. పావుగంట పట్టింది. మళ్ళీ టైప్ చేశాం. ఈసారి గీత లేదు, తీగ ఎక్కడా తెగకుండా స్క్రీన్ ఈ చివర నుంచి ఆ చివరికి పాకింది. ప్రోగ్రాం రాసినవాడు మెల్లగా నాతో, "మనం ఎడ్జ్ కేసెస్ చూడలేదురా" అన్నాడు.

అన్నీ ఇలాగే జరిగాయని అనుకోకండి. పన్నెండు మందిలో నలుగురికి అసలు ఆసక్తి లేదు, ఒకడు నిద్రపోయాడు. ఫీడ్‌బ్యాక్ చీటీల్లో 'ఏది నచ్చింది' అంటే ఐదుగురు 'క్యాంటీన్ పఫ్' అని రాశారు. మన ల్యాబ్‌లో మూడు సిస్టమ్స్ పనిచేయలేదు. పని చేయకపోవడం కూడా కాలేజీలో భాగమే కాబట్టి అదీ చూశారు.

కానీ కాలేజీ అంటే వాళ్ళకి ఫ్లెక్సీ మీద ర్యాంకు కాకుండా మెట్లు, ఫ్యాన్లు, పఫ్‌లు ఉన్న చోటు అయింది. నా దృష్టిలో ఆ వయసు పిల్లలకి ఇవ్వాల్సింది ఇంతే. ఒక పని దగ్గరగా చూపించాలి. ఆ పనికి చదువు ఎక్కడుందో పేరు, ఊరు, పరీక్ష, ఖర్చు దాచకుండా చెప్పాలి. తెలియనిది తెలియదనాలి. ఈ మూడోది మనకి అన్నిటికంటే కష్టం.

సాయంత్రం బస్సు ఎక్కిస్తుంటే ఆ అమ్మాయి తండ్రి వచ్చాడు. నేను గుంటూరు కాలేజీ, నిఫ్ట్, వెంకటగిరి డిప్లొమా, అన్నీ ఒక కాగితం మీద తెలుగులో రాసిచ్చాను. ఫీజుల సంగతి కూడా చెప్పాను. ఆయన కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుని, "ఇంకా రెండేండ్లుంది కదా" అన్నాడు. ఔననీ కాదు, కాదనీ కాదు. చేనేత కార్డు ఉందా అని అడిగితే మాత్రం "ఉండాది, చూడాల" అన్నాడు.

మిడ్స్ అయ్యాక వచ్చే శనివారం రెండో బ్యాచ్. ఈసారి ఉదయం నిమ్మలకుంట. తోలుకి రంగులు ఎలా వేస్తారో చూసి, మధ్యాహ్నం ఈసీఈ వాళ్ళు ఒక లైటు, తెర పెట్టి నీడలాట చేయిస్తామన్నారు. వాలంటీర్లు నలుగురు తక్కువ పడ్డారు. గ్రాఫ్ పేపర్లు, స్కెచ్‌లు ఉంటే క్లబ్ రూమ్‌లో ఇవ్వండి. సీఎస్ఈ వాళ్ళే రావాలని లేదు, సివిల్ వాళ్ళు వస్తే ఇంకా మంచిది, స్కేలు పట్టుకోవడం మాకంటే మీకే బాగా వచ్చు.

ఇంకొక సాయం కూడా కావాలి. బస్సు కిటికీలోంచి ఆ అమ్మాయి అడిగిన ప్రశ్న ఒకటి నా దగ్గర ఉండిపోయింది. "ఆ గుంటూరు కాలేజీ హాస్టల్లో తెలుగు మాట్లాడతారా అన్నా?" ఈసారి మాత్రం తెలియదనే చెప్పాను, కనుక్కుని చెప్తానన్నాను. మీ అక్కో, అన్నో, ఊరివాళ్ళెవరైనా అక్కడ చదువుతుంటే శనివారం లోపు నాకు చెప్పండి.